‘అనుబంధ కంపెనీలో పెట్టుబడి’: ఒక్క వరుసలో ఎంత దౌలత్ దాగుతుంది?

మన ఖాందాన్లలో కాస్త పెద్ద తిజారత్ ఉన్నవాళ్లు ఇప్పుడు ఒక్క కంపెనీతో ఆగడం లేదు. వాలిద్ సాబ్ పేరుతో నడిచిన పాత కంపెనీ ఒకటి ఉంటుంది. దాని డబ్బుతో పుట్టిన కొత్త కంపెనీ ఇంకొకటి ఉంటుంది. మొదటిది తల్లి, రెండోది బిడ్డ. కంపెనీల చట్టం భాషలో హోల్డింగ్ కంపెనీ, సబ్సిడరీ కంపెనీ. తెలుగు పత్రికల్లో మాతృ సంస్థ, అనుబంధ సంస్థ అని రాస్తారు.

తల్లి కంపెనీ బ్యాలెన్స్ షీట్ తీసి చూడండి. ఆస్తుల వైపు ఒక వరుస కనబడుతుంది: ‘అనుబంధ కంపెనీలో పెట్టుబడి, రూ. 10,00,000.’ ఇరవై ఏళ్ల కిందటి షీట్‌లోనూ అదే పది లక్షలు, నిన్నటి షీట్‌లోనూ అదే పది లక్షలు. ఈ మధ్యలో బిడ్డ కంపెనీ కోట్లు గడించిందా, దివాలా అంచుకు వచ్చిందా? ఆ వరుస ఏమీ చెప్పదు. అది ఝూట్ మాత్రం కాదు. చట్టం ఒప్పుకున్న లెక్కే. కానీ ఆ ఒక్క వరుస చూసి హిస్సాలు పంచుకునే ఇంట్లో ఇన్సాఫ్ జరగదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాను. ఓపికగా చదవండి, ముఖ్యంగా బహెనులు.

‘ఈ అకౌంట్ల గొడవ మాకెందుకు భాయ్, ఆడిటర్ సాబ్ ఉన్నారుగా’ అనే మాట ఎన్నోసార్లు విన్నాను. జమా, ఖర్చు, వసూలు, బాకీ, కిస్తీ, జామీను... తెలుగువాడు రోజూ పలికే హిసాబ్ మాటల్లో సగం మన బడీ అమ్మీలు మాట్లాడిన జబాన్ నుంచి వచ్చినవే. మాటలు మనవైనప్పుడు లెక్క మాత్రం పరాయిది ఎలా అవుతుంది? కొన్ని ఏళ్లుగా లెక్కల పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఇందులో కూడికలు, తీసివేతలు తప్ప మాయ ఏమీ లేదు.

ముందు ఎవరు తల్లి, ఎవరు బిడ్డ అన్నది ఖరారు చేసుకుందాం. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 2(87) ప్రకారం ఒక కంపెనీ ఇంకో కంపెనీ ఓటు హక్కులో సగానికి మించి తన చేతిలో పెట్టుకున్నా, లేదా దాని డైరెక్టర్ల బోర్డు ఎవరితో నిండాలో తానే తేల్చగలిగినా, రెండోది మొదటిదానికి సబ్సిడరీ. రెండోసారి చదవండి. వాటా సగం దాటకపోయినా బోర్డు చేతిలో ఉంటే చాలు. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 110 అనే ప్రమాణం ఇంకా లోతుకు వెళ్తుంది. అక్కడ మూడు సవాళ్లు అడుగుతారు. అధికారం ఎవరిది? ఆ కంపెనీ లాభనష్టాల తాకిడి ఎవరికి తగులుతుంది? ఆ అధికారంతో ఆ లాభనష్టాలను మార్చగల శక్తి ఎవరికి ఉంది? మూడింటికీ జవాబు ఒక్కరే అయితే పగ్గాలు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఇప్పుడు ఒక మిసాల్ తీసుకుందాం. గుంటూరులో ఒక మిర్చి వ్యాపార కంపెనీ ఉందనుకోండి. అది కోటి రూపాయల మూలధనంతో ఒక కారం మిల్లు కంపెనీ పెట్టించింది. అందులో 60 లక్షలు తనవి, 40 లక్షలు బయటి భాగస్వాములవి. అంటే 60 శాతం మిల్కియత్ మిర్చి కంపెనీది. మొదటి ఏడాది మిల్లుకు 20 లక్షల నఫా వచ్చింది. అందులో 5 లక్షలు డివిడెండ్‌గా పంచారు, మిగతా 15 లక్షలు మిల్లులోనే ఉంచారు. ఈ ఒక్క కథను మూడు రకాలుగా రాయొచ్చు.

మొదటిది కొన్న ధర పద్ధతి. తల్లి కంపెనీ పుస్తకంలో పెట్టుబడి 60 లక్షలు, ఏడాది చివర కూడా 60 లక్షలే. చేతికొచ్చిన డివిడెండ్‌లో తన వాటా 3 లక్షలు మాత్రం ఆదాయం. మిల్లులో మిగిలిన నఫా సంగతి ఈ పుస్తకానికి తెలియదు. మన దేశంలో చిన్న, మధ్య తరగతి కంపెనీలు తమ విడి లెక్కల్లో పాటించేది ఇదే. ఏఎస్ 13 అనే ప్రమాణం దీర్ఘకాల పెట్టుబడిని కొన్న ధరకే చూపమంటుంది. విలువ పడిపోయి, ఆ పతనం తాత్కాలికం కాదని తేలితేనే తగ్గించమంటుంది. పెరిగితే పెంచమని అనదు.

రెండోది ఈక్విటీ పద్ధతి. ఇందులో తల్లి కంపెనీ బిడ్డ నఫాలో తన హిస్సాను ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. 20 లక్షల్లో 60 శాతం, అంటే 12 లక్షలు ఆదాయం. పెట్టుబడి 60 నుంచి 72 లక్షలకు పెరుగుతుంది. డివిడెండ్‌గా వచ్చిన 3 లక్షలు కొత్త ఆదాయం కాదు. ఆ మూడు లక్షలు బిడ్డ జేబులోంచి తల్లి జేబులోకి మారాయి, అందుకే పెట్టుబడి నుంచి తీసేస్తారు. చివరికి 69 లక్షలు. సరిచూసుకోవాలంటే మిల్లు నికర ఆస్తి ఇప్పుడు కోటీ 15 లక్షలు. అందులో 60 శాతం సరిగ్గా 69 లక్షలు. నుక్సాన్ వచ్చినా ఇదే తీరు. హిస్సా మేరకు పెట్టుబడి తగ్గుతూ పోతుంది. ఈ పద్ధతిలో ఆ ఒక్క వరుసకు ప్రాణం ఉంటుంది. ఏడాదికేడాది బిడ్డ ఆరోగ్యంతో పాటు కదులుతుంది.

మూడోది ఉమ్మడి లెక్క. కన్సాలిడేటెడ్ అంటారు. ఇందులో ‘పెట్టుబడి’ అనే వరుసే మాయమవుతుంది. దాని స్థానంలో మిల్లు యంత్రాలు, గోదాములో సరుకు, బ్యాంకు నిల్వ, బాకీలు, కర్జాలు అన్నీ వరుసగా తల్లి లెక్కలో కలుస్తాయి. తల్లి పెట్టిన 60 లక్షలను మిల్లు మూలధనంలోని 60 లక్షలతో కొట్టేస్తారు. కొన్న ధర నికర ఆస్తి వాటా కన్నా ఎక్కువైతే ఆ తేడా గుడ్‌విల్ అవుతుంది. బయటివాళ్ల 40 శాతాన్ని, మన లెక్కలో 46 లక్షలను, విడిగా ఒక వరుసలో చూపుతారు. దాని పేరు మైనారిటీ ఇంట్రెస్ట్. ఆ మాట చూసి ఉలిక్కిపడకండి. ఇది జనాభా లెక్క కాదు, వాటాల లెక్క. అయితే ఒక్క మాట చెప్పనా? మైనారిటీ హిస్సా ఎంతో తేల్చి, పేరు పెట్టి, అందరికీ కనబడేలా విడిగా రాయాలన్న ఆ నియమం నాకు చాలా నచ్చుతుంది.

ఉమ్మడి లెక్కలో ఇంకో ఖూబీ ఉంది. ఇంటి లోపలి బేరాలను అది నమ్మదు. మిర్చి కంపెనీ 8 లక్షలకు కొన్న సరుకును మిల్లుకు 10 లక్షలకు అమ్మిందనుకోండి. ఏడాది చివరికి ఆ సరుకు మిల్లు గోదాములోనే పడి ఉంది. విడి లెక్కలో తల్లికి 2 లక్షల నఫా. ఉమ్మడి లెక్కలో సున్నా. బయటి గిరాకీ కొనేదాకా అది నఫానే కాదు, సరుకు విలువ 8 లక్షలే. కుడి చేయి ఎడమ చేతికి అమ్మి లాభం గడించానంటే ఎవరైనా నవ్వుతారు కదా. విడి లెక్క నవ్వదు, రాసుకుంటుంది.

అలాగని విడి లెక్కను, కొన్న ధర పద్ధతిని నేను తీసిపారేయడం లేదు. దాని వెనక దలీల్ ఉంది, గట్టి దలీలే. కంపెనీ అంటే చట్టం దృష్టిలో విడి వ్యక్తి. బ్యాంకు అప్పిచ్చేది ఒక కంపెనీకి, కుటుంబానికి కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేది ఒక్కో కంపెనీ విడివిడిగా. డివిడెండ్ పంచాలంటే తల్లి కంపెనీ తన సొంత నఫా నుంచి పంచాలి. మిల్లులో ఉన్న 15 లక్షలు మిల్లు బోర్డు పంచేదాకా తల్లి చేతికి రావు. రాని డబ్బును వచ్చినట్టు రాసి, దాన్ని చూపి డివిడెండ్ పంచితే అప్పులోళ్లకు ముప్పు. ఇహ్తియాత్ అన్న గుణం లెక్కలకు ఉండాల్సిందే.

కాబట్టి నేను కోరేది రెండు కితాబులూ పక్కపక్కన ఉండాలని. చట్టం కోరుతున్నదీ అదే. సెక్షన్ 129(3) ప్రకారం సబ్సిడరీ ఉన్న ప్రతి కంపెనీ, విడి లెక్కలతో పాటు ఉమ్మడి లెక్కలు కూడా తయారు చేయాలి. పాత 1956 చట్టం కాలంలో స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలకే ఈ జిమ్మేదారి ఉండేది. మిగతావాళ్లు సబ్సిడరీ కాగితాలను వెనక జతపరిస్తే సరిపోయేది. 2014 ఏప్రిల్ నుంచి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకూ ఇది వచ్చింది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఉదాహరణకు, ఆ కంపెనీ తానే ఇంకో కంపెనీకి సబ్సిడరీ అయి, పైనున్న కంపెనీ ఉమ్మడి లెక్కలు దాఖలు చేస్తూ, సభ్యులెవరూ అభ్యంతరం చెప్పకపోతే వదిలేస్తారు. భాగస్వామ్య సంస్థలకు ఈ చట్టమే వర్తించదు. కానీ మన ఊళ్లలోని చాలా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల యజమానులకు ఈ బాధ్యత ఉందన్న సంగతే తెలియదు. తెలిసిన కొందరు తెలియనట్టు ఉంటారు.

రెండు కితాబుల మధ్య తేడా ఎంత ఉంటుందో చూడాలంటే పెద్ద కంపెనీ వైపు ఒకసారి చూద్దాం. టాటా మోటార్స్ 2008లో ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు కొంది. అయిదారేళ్లకు ఆ బిడ్డ కంపెనీ తల్లిని మించి సంపాదించింది. 2013-14లో టాటా మోటార్స్ ఉమ్మడి నఫా 13,900 కోట్ల రూపాయలు దాటింది. అదే ఏడాది విడి లెక్కలో నఫా 350 కోట్లకు లోపే. అది కూడా సబ్సిడరీల నుంచి వచ్చిన డివిడెండ్లు కలుపుకుని. విడి లెక్క ఒక్కటే చదివినవాడు ఇది కష్టాల్లో ఉన్న లారీల కంపెనీ అనుకుంటాడు. ఉమ్మడి లెక్క చదివినవాడు ప్రపంచమంతా ఖరీదైన కార్లు అమ్ముతున్న గ్రూపును చూస్తాడు. ఇద్దరూ చదివింది అస్లీ కాగితమే. దాచిపెట్టిందేమీ లేదు. లిస్టయిన కంపెనీ కాబట్టి రెండూ అందరి ముందూ ఉన్నాయి. మన ఇళ్లలో మాత్రం రెండో కితాబు బీరువాలో ఉంటుంది, లేదా అసలు రాయరు.

ఇది నఫా దాగే తీరు. నుక్సాన్ దాగే తీరు ఇంకా ఖతర్నాక్. మళ్లీ మన కారం మిల్లు దగ్గరికి వెళ్దాం. మూడేళ్లు వరుసగా దెబ్బతిని దాని మూలధనం కోటి కరిగిపోయిందనుకోండి. తల్లి కంపెనీ పుస్తకంలో 60 లక్షల వరుస అలాగే ఉంది. ‘ఇది తాత్కాలికమే, వచ్చే సీజన్‌లో కోలుకుంటుంది’ అని డైరెక్టర్లు అంటారు. పైగా మిల్లును బతికించడానికి 40 లక్షలు అప్పిస్తారు. దాని మీద 12 శాతం వడ్డీ వేస్తారు. మిల్లు ఆ వడ్డీ కట్టలేదు, అయినా తల్లి కంపెనీ 4 లక్షల 80 వేలు ఆదాయంగా రాసుకుంటుంది. వసూలు మీద భరోసా లేని వడ్డీని ఆదాయంగా రాయకూడదని నియమం ఉంది. ‘మన మిల్లే కదా, ఎక్కడికి పోతుంది’ అన్న మాటతో ఆ నియమం పక్కకు పోతుంది. చూడండి, మునిగిపోతున్న బిడ్డ తల్లి పుస్తకంలో కోటి రూపాయల ఆస్తిగానూ, ఏడాదికి అయిదు లక్షల దాకా ఆదాయంగానూ కనబడుతోంది. ఉమ్మడి లెక్క రాస్తే ఆ అప్పు, ఆ వడ్డీ రెండూ కొట్టుకుపోయి మిల్లు నుక్సాన్ మొత్తం బయటపడుతుంది. ఇక మిల్లు బ్యాంకు రుణానికి తల్లి కంపెనీ జామీను ఉంటే? ఆ జామీను బ్యాలెన్స్ షీట్ అంకెల్లో ఉండదు. వెనక నోట్సులో ‘కంటింజెంట్ లయబిలిటీ’ అన్న మాట కింద ఒక్క గీత. ఎవరు చదువుతారు ఆ గీత?

దేశం మొత్తం మీద ఈ పాఠం ఎంత ఖరీదుతో వచ్చిందో 2018లో చూశాం. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ గ్రూపు రోడ్లు, విద్యుత్తు, రుణాల వ్యాపారంలో ఉన్న పెద్ద పేరు. దాని కింద తల్లీ బిడ్డా మనవలూ అన్నట్టుగా 300కు పైగా సంస్థలు. గ్రూపు మొత్తం కర్జా 90 వేల కోట్ల రూపాయలు దాటింది. చెల్లింపులు ఆగిపోయాక 2018 అక్టోబర్ 1న కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతితో సర్కారు పాత బోర్డును తప్పించి కొత్త బోర్డును కూర్చోబెట్టింది. 2019 జనవరి 1న ఆ గ్రూపులోని మూడు కంపెనీల గత అయిదేళ్ల లెక్కలను మళ్లీ తెరవడానికి ట్రిబ్యునల్ ఒప్పుకుంది. అన్ని పొరలున్న ఇంట్లో ఏ గదిలో ఎంత బాకీ ఉందో బయటివాడికి తెలియడం ఎంత కష్టమో ఆలోచించండి. దానికి ముందే, 2017 సెప్టెంబర్‌లో సర్కారు ఒక నియమం తెచ్చింది: బ్యాంకులు, ఇన్సూరెన్స్ వంటి కొన్ని రకాలు తప్ప మామూలు కంపెనీల కింద రెండు పొరలకు మించి సబ్సిడరీలు ఉండకూడదని. బిడ్డ, మనవడు వరకు. మునిమనవడు వద్దు. పర్దా మీద పర్దా వేస్తూ పోతే లోపల ఏముందో దేవుడికే తెలుస్తుందని సర్కారుకూ అర్థమైంది.

ఉమ్మడి లెక్క అన్ని రోగాలకూ దవా అని కూడా నేను చెప్పను. మన హైదరాబాద్ సత్యం కథ గుర్తుంది కదా. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. ఇన్వెస్టర్లు భగ్గుమన్నారు. గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం వచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవని ఆయనే ఒప్పుకున్నారు. మేటాస్ కంపెనీలు సత్యానికి సబ్సిడరీలు కావు. అవి అదే కుటుంబం చేతిలో ఉన్న వేరే కంపెనీలు. వాటా ఉన్నది కంపెనీకి కాదు, మనుషులకు. కాబట్టి సత్యం ఉమ్మడి లెక్కలో వాటి జాడ ఉండదు. ఇక లేని బ్యాంకు నిల్వను ఉన్నట్టు రాస్తే, విడిగా రాసినా ఉమ్మడిగా రాసినా అది నక్లీయే. లెక్కల పద్ధతి ఆయినా లాంటిది. ముందు నిలబడినదాన్ని చూపిస్తుంది. మొహానికి ముసుగు వేసుకుని వచ్చినవాడి ముసుగునే చూపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ఇళ్లలో ఈ లెక్క ఎక్కడ గుచ్చుకుంటుందో అక్కడికి. విరాసత్.

ఇంకో మిసాల్. ఒక వాలిద్ సాబ్ ఇంతెకాల్ అయ్యారు. వాలిదా అంతకు ముందే పోయారు. వెనక ఒక బేటా, ఇద్దరు బేటీలు. హిస్సాలు ఎవరికి ఎంతో మనకు తెలిసిందే. బేటాకు సగం, ఒక్కో బేటీకి నాలుగో వంతు. తగాదా హిస్సా మీద రాదు. ‘దేనిలో నాలుగో వంతు’ అన్న దగ్గర వస్తుంది. వాలిద్ సాబ్‌కు ఉన్నది ఒక వ్యాపార కంపెనీ షేర్లు, దాదాపు అన్నీ ఆయనవే. ఆ కంపెనీకి సొంతంగా 40 లక్షల నికర ఆస్తి ఉంది. దాంతో పాటు ఒక కోల్డ్ స్టోరేజ్ కంపెనీ పూర్తిగా దానిదే. ఎప్పుడో 10 లక్షలు పెట్టి మొదలుపెట్టారు. పుస్తకంలో అదే 10 లక్షలు. మొత్తం 50 లక్షలు.

భాయ్‌జాన్ ఆడిటైన బ్యాలెన్స్ షీట్ తెచ్చి బల్ల మీద పెడతారు. ‘చూడండి, ఆడిటర్ సాబ్ దస్తఖత్తు కూడా ఉంది. మొత్తం 50 లక్షలు. మీ నాలుగో వంతు పన్నెండున్నర లక్షలు. తీసుకుని రాజీనామా కాగితం మీద సంతకం పెట్టండి.’ అందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు.

కోల్డ్ స్టోరేజ్ కంపెనీ పుస్తకం కూడా తెరిచారనుకోండి. ఇరవై ఏళ్లలో పంచకుండా మిగిల్చిన నఫా కోటిన్నర ఉంది. మూలధనంతో కలిపి దాని నికర ఆస్తి కోటీ 60 లక్షలు. ఉమ్మడి లెక్క రాస్తే 40 లక్షలు, కోటీ 60 లక్షలు కలిపి రెండు కోట్లు. నాలుగో వంతు 50 లక్షలు.

ఇంకా అయిపోలేదు. ఆ కోల్డ్ స్టోరేజ్ ఉన్న జమీన్ పాత ధరకే పుస్తకంలో ఉంది. ఉమ్మడి లెక్క కూడా పుస్తక ధరలనే కలుపుతుంది, బజారు ధరను తీసుకురాదు. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి. నేటి ధర పుస్తక ధర కన్నా 3 కోట్లు ఎక్కువ అని వాల్యుయర్ తేల్చాడనుకుంటే, పన్నులు వగైరా పక్కన పెట్టి, మొత్తం 5 కోట్లు. నాలుగో వంతు కోటీ 25 లక్షలు.

పన్నెండున్నర లక్షలు. యాభై లక్షలు. కోటీ పాతిక లక్షలు. ఒకే ఇల్లు, ఒకే బహెన్, ఒకే హిస్సా. తేడా అంతా ఏ కితాబు తెరిచారన్నదే. ఇలాంటి కాగితాలు పట్టుకుని సలహా కోసం వచ్చిన చెల్లెళ్లను నేను చూశాను. వాళ్లలో చాలామందికి రెండో కంపెనీ ఉందని తెలుసు. దానికి వేరే పుస్తకం ఉంటుందని, ఆ పుస్తకం అడగొచ్చని తెలియదు. అడిగితే ‘అన్న మీద భరోసా లేదా?’ అంటారేమోనని షరమ్. భరోసా ఉన్నచోటే హిసాబ్ సాఫ్‌గా ఉండాలి అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అన్నల వైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే అది ఇన్సాఫ్ కాదు. ఎండలో నిలబడి కోల్డ్ స్టోరేజ్ నడిపింది ఆయనే కావచ్చు. జీతం కూడా తీసుకోకుండా. జమీన్ అమ్మితే తప్ప ఆ 3 కోట్లు చేతికి రావు, అమ్మితే వ్యాపారం ఆగిపోతుంది. బహెనులకు రేపే రెండున్నర కోట్లు ఇవ్వమంటే ఎక్కడి నుంచి తెస్తాడు? ఇవన్నీ నిజమైన కష్టాలే. వీటికి దారులు ఉన్నాయి. ఆయన మెహనత్‌కు తగిన జీతం బాకీగా లెక్కగట్టవచ్చు. చెల్లెళ్లు షేర్లే ఉంచుకుని డివిడెండ్ తీసుకోవచ్చు. కొన్నేళ్ల కిస్తీల్లో కొనుక్కోవచ్చు. ఏ దారి పట్టినా ముందు అస్లీ అంకె అందరి ముందూ ఉండాలి. పూర్తిగా తెలిసి చెల్లెలు వదులుకుంటే అది ఆమె మెహర్బానీ. తెలియనివ్వకుండా వదిలింపజేస్తే దానికి వేరే పేరు ఉంది.

మరి ఏం అడగాలి? రాసి పెట్టుకోండి.

తల్లి కంపెనీ విడి లెక్కలతో పాటు ఉమ్మడి లెక్కలు అడగండి. ‘మాకు లేవు’ అంటే, సబ్సిడరీ ఉన్నప్పుడు ఎందుకు లేవో, ఏ మినహాయింపు కింద రాయలేదో అడగండి.

ఏఓసీ-1 అనే ఫారం అడగండి. ప్రతి సబ్సిడరీ మూలధనం, రిజర్వులు, మొత్తం ఆస్తులు, అప్పులు, టర్నోవర్, నఫా, మన వాటా శాతం అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. నా దృష్టిలో మామూలు మనిషి చదవగలిగిన అతి మంచి కాగితం ఇదే.

సబ్సిడరీ సొంత లెక్కల ప్రతి అడగండి. సెక్షన్ 136 ప్రకారం తల్లి కంపెనీ సభ్యుడు అడిగితే ప్రతి సబ్సిడరీ లెక్కల ప్రతి ఇవ్వాల్సిందే. అయితే ‘సభ్యుడు’ అంటే రిజిస్టర్‌లో పేరు ఉన్నవాళ్లు. కాబట్టి వారసులు ముందుగా షేర్లను తమ పేరు మీదికి మార్పించుకోవాలి. పేరు ఎక్కకముందు కూడా ఒక దారి ఉంది. కంపెనీలు దాఖలు చేసిన లెక్కలను కొద్దిపాటి ఫీజు కట్టి కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎవరి ఇజాజత్ అక్కర్లేదు.

నోట్సు చదవండి. తల్లి, బిడ్డల మధ్య అప్పులు, జామీనులు, అమ్మకాలు అన్నీ అక్కడే ఉంటాయి. జమీన్, భవనాలు ఉంటే ఇద్దరికీ నమ్మకమైన రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో ధర కట్టించండి. ఇవన్నీ అయ్యాకే సంతకం.

చివరగా ఒక ఫిర్యాదు నియమాలు రాసేవాళ్ల మీద. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 27ను 2014లో సవరించి, విడి లెక్కల్లో కూడా ఈక్విటీ పద్ధతి వాడుకోవచ్చని అనుమతి ఇచ్చారు. మన ఇండ్ ఏఎస్ 27 ఆ దారి మూసేసింది. కొన్న ధర, లేదా ఫెయిర్ వాల్యూ, అంతే. చిన్న కంపెనీల ఏఎస్ 13లో అయితే కొన్న ధర తప్ప దిక్కులేదు. ఉమ్మడి లెక్కలు ఉన్నాయిగా, విడి లెక్కల్లో మళ్లీ ఎందుకన్నది వాదన. పెద్ద కంపెనీలకు ఆ వాదన సరిపోతుంది. వాళ్ల ఉమ్మడి లెక్కలు చదవడానికి అనలిస్టులు ఉన్నారు. మన బస్తీల్లో, మన మిర్చి యార్డుల దగ్గర, ఇంటి బల్ల మీదకు వచ్చేది ఒక్క విడి షీట్ మాత్రమే. ఆ షీట్‌లో కనీసం ఆ వరుస పక్కన బ్రాకెట్లో ‘నేటి నికర ఆస్తిలో మన వాటా ఇంత’ అని ఒక అంకె రాయమనడం పెద్ద కోరికా? కాగితం ఖర్చు కూడా కాదు.

నియమం మారేదాకా ఆగాల్సిన అవసరం లేదు. వాలిద్ సాబ్‌లు బతికుండగానే ఈ పని చేయొచ్చు. ఏడాదికి ఒకసారి, ఆడిట్ అయిన రోజు, బేటాలనూ బేటీలనూ కూర్చోబెట్టి రెండు కితాబులూ తెరిచి చూపండి. ఫలానా కంపెనీలో ఇంత పెట్టాను, ఇప్పుడు అది ఇంత అయింది, దాని మీద ఇంత కర్జా ఉంది, ఇంతకు నేను జామీను ఉన్నాను అని చెప్పండి. గంట పడుతుంది. మీ తర్వాత ఆ గంట కోసం పిల్లలు కోర్టు వరండాల్లో ఏళ్ల తరబడి తిరగకుండా ఉంటారు.